నల్లరేగడి మీద రోడ్డు నిలవాలంటే: బూడిద, సున్నంతో పునాది మట్టిని గట్టిపరచడం ఎలా?

"మా ఊరి డొంకకి రెండుసార్లు మొరం తోలించాం. రెండు వానాకాలాలకే మట్టిలో కలిసిపోయింది. కరెంటు ప్లాంటు బూడిద కలిపితే గట్టిపడుతుందంట కదా, ఎంత కలపాలి?"

ఈ ప్రశ్న నాకు పల్నాడు నుంచి వస్తుంది, నంద్యాల నుంచి వస్తుంది, ఆదిలాబాద్ నుంచీ వస్తుంది. అడిగేవాళ్ళలో సర్పంచులు, చిన్న కాంట్రాక్టర్లు, వెంచర్లలో లోపలి రోడ్లు వేసుకునేవాళ్ళు, ప్రాజెక్టు చేస్తున్న పాలిటెక్నిక్ పిల్లలు ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలుముక్కలుగా చెబితే సగం మర్చిపోతున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బూడిద ఒక్కటే కలిపితే నల్లరేగడి గట్టిపడదు. బొగ్గుతో నడిచే మన థర్మల్ ప్లాంట్ల బూడిదలో కాల్షియం తక్కువ. అది తనంతట తాను సిమెంటులా పట్టదు. పట్టించేది సున్నం. సున్నం ముందు రేగడి జిగటను విరుస్తుంది, ఇది గంటల్లో జరిగిపోతుంది. తర్వాత బూడిదలోని సిలికాతో కలిసి బిగుస్తుంది, దానికి వారాలు, నెలలు పడుతుంది. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. మొదట్లో చేసిన ఒక పనిలో సున్నం లారీ రాలేదు. గడువు దగ్గరపడుతోందని టెన్షన్‌లో బూడిద ఒక్కటే కలిపి రోలర్ తిప్పించాం. రోడ్డు బల్లలా కనిపించింది. ఆషాఢంలో నాలుగు రోజుల ముసురు పట్టింది. ఎరువుల బస్తాలతో వచ్చిన ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడింది. గడ్డపారతో తవ్వి చూస్తే బూడిద తడిసిన పిండిలా జారుతోంది, దాని కింద మట్టి ఎప్పటిలాగే చేతికి అంటుకుంటోంది. రోడ్డు బాగు చేయబోయి ఒక వ్యర్థాన్ని తెచ్చి పాతిపెట్టామంతే. ఆ పొరపాటు మీరు చేయకూడదు.

మీ మట్టి దీనికి పనికొస్తుందా?

ఉబ్బే గుణం ఎంతుందో మీరే చూసుకోవచ్చు. ఎండిన మట్టిని నలిపి 425 మైక్రాన్ల జల్లెడ పట్టండి. 100 మి.లీ. కొలత సిలిండర్లు రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో 10 గ్రాముల మట్టి వేయండి. ఒకదాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి, బ్యాటరీలో పోసే నీళ్ళయినా సరే. రెండోదాన్ని కిరోసిన్‌తో నింపండి. గాలి బుడగలు పోయేలా కడ్డీతో కలిపి 24 గంటలు కదపకుండా వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో 18 మి.లీ., కిరోసిన్‌లో 10 మి.లీ. దగ్గర మట్టి నిలిచిందనుకోండి: 18 నుంచి 10 తీసేసి 10తో భాగిస్తే 80 శాతం. హైవే పనుల స్పెసిఫికేషన్ ప్రకారం ఈ అంకె 50 దాటిన మట్టిని ఉన్నదున్నట్టు సబ్‌గ్రేడ్‌లో, అంటే రోడ్డు పొరల కిందుండే పునాది మట్టిలో, వాడకూడదు. పరీక్ష పూర్తి పద్ధతి భారతీయ ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగంలో ఉంటుంది.

మిగతా పరీక్షలు ల్యాబుకే ఇవ్వండి. ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి జిగట ఎంతో చెప్పే అంకె), నానబెట్టిన సీబీఆర్ (నానిన మట్టి బరువుకి ఎంత ఆగుతుందో చెప్పే అంకె), సల్ఫేట్, సేంద్రియ పదార్థం, ఈ నాలుగూ అడగండి. సల్ఫేట్ 0.2 శాతం, సేంద్రియ పదార్థం 2 శాతం దాటితే సున్నం పద్ధతి జోలికి వెళ్ళకండి. సల్ఫేట్ ఉన్న మట్టిలో సున్నం వేస్తే, కొన్నాళ్ళకు కొత్త స్ఫటికాలు పుట్టి, గట్టిపడాల్సిన పొరే ఉబ్బి పైకి లేస్తుంది. చౌడు పట్టి తెల్లగా పొక్కు తేలే నేలల్లో ఈ పరీక్ష తప్పనిసరి. చెరువు పూడిక మట్టిలో సేంద్రియం ఎక్కువ ఉంటుంది, అది పొలానికి మంచిది, రోడ్డుకి కాదు.

ఇంకొకటి. మీకు దగ్గర్లోనే మంచి మొరం దొరుకుతుంటే, లోతు తక్కువ రేగడి అయితే, దాన్ని తీసేసి మొరం నింపుకోవడమే తేలిక. మొరం దూరమై, రేగడి లోతుగా ఉన్న ఊళ్ళకే ఈ పద్ధతి గిట్టుబాటవుతుంది. పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బీ రోడ్డయితే ఇంజినీరు ఆమోదం లేకుండా మొదలుపెట్టకండి.

కావలసినవి

బూడిద: ప్లాంటు నుంచి పొడిగా తీసిన ఫ్లై యాష్ అన్నిటికన్నా మంచిది. ప్లాంటు వాళ్ళు నీళ్ళతో తమ బూడిద చెరువులోకి వదిలినది, అంటే పాండ్ యాష్, గరుకుగా ఉంటుంది. గట్టు నింపడానికి బాగుంటుంది కానీ సున్నంతో పట్టడంలో వెనకబడుతుంది. ఇబ్రహీంపట్నం, రామగుండం, కొత్తగూడెం, ముద్దనూరు దగ్గరి ప్లాంటు, సింహాద్రి, ఇలా మనకు బూడిదకి కొదవలేదు. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో థర్మల్ ప్లాంటుకి 300 కి.మీ. లోపల జరిగే రోడ్డు పనుల్లో బూడిద వాడకం గురించి నిబంధనలున్నాయి. రవాణా ఖర్చు ఎవరిదన్నది కూడా అందులోనే ఉంటుంది. ప్లాంటుకి ఉత్తరం రాసేటప్పుడు దాన్ని ప్రస్తావించండి.

సున్నం: పిడుగురాళ్ళ వైపు బట్టీల నుంచి వచ్చే సున్నం చాలామందికి తెలుసు. పొడి సున్నం, అంటే చల్లార్చినది, అడగండి. రాతి సున్నం చవకగా వస్తుంది, కానీ అది నీళ్ళు తగలగానే సలసల కాగుతుంది, కూలీల కళ్ళకీ చర్మానికీ ప్రమాదం. అలవాటు లేనివాళ్ళు దాని జోలికి పోవద్దు. బస్తా మీద ఏం రాసి ఉన్నా, సున్నం శుద్ధత ఎంతో ల్యాబులో చూపించుకోండి. 70 శాతానికి తగ్గకూడదన్నది స్పెసిఫికేషన్.

కార్బైడ్ సున్నం: ఎసిటిలీన్ గ్యాస్ తయారుచేసే చోట మిగిలే తెల్లటి బురద. ఇది వ్యర్థమే అయినా నిజమైన సున్నం. తాజాగా దొరికితే కొన్న సున్నంలో కొంత దీంతో తగ్గించుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండిన గుట్ట మాత్రం వద్దు, గాలికి దాని పస పోతుంది.

ఊక బూడిద: మిర్యాలగూడ, నిజామాబాద్, గోదావరి జిల్లాల్లో మిల్లు బాయిలర్ల నుంచి వస్తుంది. టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, ఆ ఊక కాలితే 40 కిలోల దాకా బూడిద. బాగా కాలి బూడిద రంగుకో తెలుపుకో వచ్చినది తీసుకోండి. నల్లగా ఉంటే ఊక సరిగా కాలలేదని అర్థం. ఫ్లై యాష్ దూరమైన ఊళ్ళకు ఇదే ప్రత్యామ్నాయం, దీనికీ సున్నం తోడు కావాల్సిందే. చాలా తేలికగా ఉంటుంది, లారీ నిండినా బరువు రాదు. కాబట్టి లోడు లెక్కన కాకుండా తూకం లెక్కన మాట్లాడుకోండి.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. తాండూరు, బేతంచెర్లలో బండలు పాలిష్ చేసేటప్పుడు వచ్చే తెల్ల బురదని "ఇదీ సున్నమే కదండీ" అని తెచ్చేస్తారు. అది సున్నం కాదు, కాల్చని సున్నపురాయి పొడి. మట్టిలో ఇసుకలా పడి ఉంటుందే తప్ప జిగటను విరవదు. అనుమానం వస్తే బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క వేయండి, చేతికి గ్లౌజు, ముఖం దూరం. బుసబుసా పొంగితే అది రాతి పొడి, లేదా గాలికి పస పోయిన పాత సున్నం. మంచి తాజా సున్నం వేడెక్కుతుంది కానీ అంతగా పొంగదు.

కూల్చిన ఇళ్ళ శిథిలాలు మట్టిని గట్టిపరచవు. మర ఆడించి సైజు చేసినవైతే, గట్టిపడిన పొర మీద వేసే గ్రాన్యులర్ (కంకర) పొరలో పరీక్ష చేయించి వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఇలాంటి శిథిలాలను శుద్ధిచేసే ప్లాంట్లున్నాయి. జిప్సం బోర్డులు, పీఓపీ కలిసిన శిథిలాలు మాత్రం సున్నం దరిదాపులకి రానివ్వకండి, వాటిలో ఉన్నదంతా సల్ఫేటే.

యంత్రాలు: రోటావేటర్ ఉన్న ట్రాక్టరు, కల్టివేటర్, నీళ్ళ ట్యాంకరు, 8 నుంచి 10 టన్నుల రోలర్. ప్యాడ్‌ఫుట్ రోలర్ (డ్రమ్ము మీద దిమ్మలు పొడుచుకొచ్చి ఉండేది) దొరికితే రేగడికి ఇంకా మంచిది. వీటితోపాటు కాటా, 26.5 మి.మీ., 5.6 మి.మీ. జల్లెడలు, ఒక చదరపు మీటరు ప్లాస్టిక్ పట్టా, పసుపు. పసుపు ఎందుకో తర్వాత చెబుతాను.

కూలీలకు కళ్ళద్దాలు, మాస్కు, నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, గమ్‌బూట్లు. చెమట పట్టిన ఒంటి మీద సున్నం పడితే కాలుతుంది. కంట్లో పడితే వెంటనే 15 నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పని దగ్గర ఒక బిందె మంచినీళ్ళు దీనికోసమే విడిగా పెట్టండి. గాలి విసురుగా ఉన్న రోజు సున్నం చల్లొద్దు. పక్క చేలో మిర్చి కల్లం ఉంటే ముందు ఆ రైతుతో మాట్లాడండి.

ఎంత సున్నం, ఎంత బూడిద?

"నాలుగు శాతం వేయండి" అని ఎవరైనా ఫోన్‌లో చెబితే నమ్మకండి, ఆ చెప్పేది నేనైనా సరే. రేగడికి సాధారణంగా 3 నుంచి 6 శాతం మధ్య సున్నం పడుతుంది. మీ మట్టికి ఎంతో మీ మట్టే చెప్పాలి.

ఒక పీహెచ్ మీటరు (క్షారగుణం ఎంతో అంకెలో చూపేది) సంపాదించండి. ఆరు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. ఐదు సీసాల్లో 25 గ్రాముల చొప్పున జల్లించిన పొడి మట్టి వేసి, వరుసగా 0.5, 0.75, 1, 1.25, 1.5 గ్రాముల సున్నం వేయండి. ఇవి 2, 3, 4, 5, 6 శాతాలు. ఆరో సీసాలో మట్టి లేకుండా 2 గ్రాముల సున్నం మాత్రమే. అన్నింట్లో 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, గంటసేపు ప్రతి పది నిమిషాలకోసారి అర నిమిషం చొప్పున కుదపండి. తర్వాత పీహెచ్ చూడండి. ఆరో సీసా అంకెను అందుకున్న సీసాల్లో ఏది అతి తక్కువ సున్నంతో అందుకుందో అదే మీ మట్టి అడిగే సున్నం.

పుస్తకాల్లో ఇక్కడ 12.4 రావాలని ఉంటుంది. అది 25 డిగ్రీల దగ్గర మాట. మన ఏప్రిల్ ఎండల్లో, 35 డిగ్రీల గదిలో, వట్టి సున్నపు నీరే 12.1 దగ్గర ఆగిపోతుంది. ఈ సంగతి తెలియక "12.4 రావడం లేదు" అని సున్నం పెంచుకుంటూ పోయినవాళ్ళున్నారు. ఆరో సీసా పెట్టమన్నది అందుకే.

వచ్చిన అంకెకు, పని దగ్గర గాలికీ హెచ్చుతగ్గులకీ పోయేదాని కింద ఒక శాతం కలపడం నా అలవాటు. 3 వస్తే 4 అన్నమాట. ఇప్పుడు సున్నం అలాగే ఉంచి, బూడిద 8, 12, 16 శాతాలుగా మార్చి ల్యాబులో మూడు మిశ్రమాలు చేయించండి. సున్నానికి మూడు నాలుగు రెట్లు బూడిద అన్నది మంచి మొదలు. నమూనాలను గాలి చొరకుండా 7 రోజులు ఉంచి, తర్వాత 4 రోజులు నీళ్ళలో నానబెట్టి సీబీఆర్ చూడమనండి. గ్రామీణ రోడ్ల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ ఎస్‌పీ 72 లెక్కలో సీబీఆర్ 2 ఉన్న నేల అట్టడుగు తరగతి, 3-4 బలహీనం, 5-6 పరవాలేదు, 7 నుంచి 9 మంచిది, 10 నుంచి 15 చాలా మంచిది. పచ్చి రేగడి మామూలుగా మొదటి రెండు తరగతుల్లోనే ఉంటుంది. దాన్ని ఎక్కడిదాకా తేవాలన్నది మీ రోడ్డు డిజైన్ చెబుతుంది.

ఈ మిశ్రమాలకు ప్రాక్టర్ పరీక్ష (ఎంత తేమలో మట్టి అన్నిటికన్నా దట్టంగా దిగుతుందో, ఆ గరిష్ఠ సాంద్రత ఎంతో చెప్పేది) కూడా కొత్తగా చేయించండి. సున్నం కలిస్తే మట్టికి నీళ్ళు ఎక్కువ పడతాయి, గరిష్ఠ సాంద్రత తగ్గుతుంది. పచ్చి మట్టి ప్రాక్టర్ అంకె పట్టుకుని "కాంపాక్షన్ రావడం లేదు" అని రోలర్‌ని రోజంతా తిప్పించిన సైట్లు నేను చూశాను.

లెక్క ఒకసారి వేసి చూద్దాం

100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 300 మి.మీ. మందం. మట్టి పొడి సాంద్రత ఘనపు మీటరుకి 1.5 టన్నులు, సున్నం 4 శాతం, బూడిద 12 శాతం అనుకుందాం. శాతాలన్నీ పొడి మట్టి బరువు మీదే.

రోటావేటర్ పళ్ళు 10-12 సెం.మీ. మించి సరిగా దిగవు. అందుకే 300 మి.మీ.ని ఒకేసారి కాకుండా 100 మి.మీ. చొప్పున మూడు పొరలుగా చేస్తాం. ఒక పొరలో చదరపు మీటరుకి 150 కిలోల మట్టి. దానికి 6 కిలోల సున్నం, 18 కిలోల బూడిద. నాలుగు మీటర్ల వెడల్పుకి, మీటరు పొడవులో 24 కిలోల సున్నం. అంటే మీటరుకి సుమారు ఒక 25 కిలోల సంచి. ఇది మేస్త్రీకి నోటితో చెప్పగలిగిన లెక్క. మొత్తం మూడు పొరలకు 7.2 టన్నుల సున్నం, 21.6 టన్నుల బూడిద.

రెండు సవరణలు మర్చిపోకండి. ల్యాబులో వాడిన సున్నం శుద్ధత 70 ఉండి, లారీలో వచ్చింది 56 అయితే, 6 కిలోల చోట 7.5 కిలోలు పడాలి. బూడిద తడిగా వస్తే, అందులో తేమ పొడి బూడిద బరువులో 25 శాతం ఉందనుకుంటే, 18 కిలోల చోట 22.5 కిలోలు తూచాలి.

పని చేసే క్రమం

1. కాలం చూసుకోండి. సంక్రాంతి దాటాక నేలలో ఇంకా పదును ఉంటుంది, వాన భయం ఉండదు. రేగడి పదునులో ఉన్నప్పుడు దున్నితే పొడిపొడిగా విడుతుంది. మే నెలలో దున్నితే పలుగురాళ్ళలాంటి బెడ్డలు లేస్తాయి, తడిసినప్పుడు దున్నితే పళ్ళకి పట్టుకుంటుంది. ఏప్రిల్ నెలాఖరుకి పూర్తయ్యేలా చూసుకుంటే, తొలకరికి ముందు బిగుసుకోవడానికి నెల రోజులైనా దొరుకుతుంది.

2. ముందు నీటి దారి. రెండు పక్కలా కాలువలు తీయండి, పొలాల నీళ్ళు దాటే చోట తూములు వేయండి. ఇది చివర చేద్దాం అనుకున్న ఏ రోడ్డులోనూ చివరికి చేయగా నేను చూడలేదు.

3. పైన గడ్డి, వేర్లు, పాత చెత్త తీసేయండి. పై 200 మి.మీ. మట్టిని తీసి పక్కన రాశి పోయండి. అడుగున మిగిలిన 100 మి.మీ. మొదటి పొర, దాన్ని అక్కడే సున్నం, బూడిద కలిపి గట్టిపరుస్తాం. వెడల్పు రోడ్డు అంచుకి ఆపకండి, రెండు పక్కలా మరో 30-50 సెం.మీ. కలుపుకోండి. రేగడి రోడ్లకి పొడుగు పగుళ్ళు అంచు నుంచే మొదలవుతాయి, పక్క మట్టి ఎండి లాగేస్తుంది కాబట్టి. ఈ అదనపు వెడల్పుకి పైన చెప్పిన లెక్కని పెంచుకోండి.

4. కల్టివేటర్‌తో ఒకటి రెండు సాళ్ళు, తర్వాత రోటావేటర్ కనీసం మూడు నాలుగు సార్లు. బెడ్డ ఎంత చిన్నదైతే పని అంత గట్టి. మట్టంతా 26.5 మి.మీ. జల్లెడలోంచి, అందులో 80 శాతం 5.6 మి.మీ. జల్లెడలోంచి దిగాలి.

5. మొదటి విడతగా సగం సున్నం. మీటరుకి అర సంచి చొప్పున పెట్టించి, సంచులు కోసి, పారలతో సమంగా పరచండి. పరిచే ముందు అక్కడక్కడ ఆ చదరపు మీటరు పట్టా వేసి ఉంచండి. పరిచాక దాన్ని ఎత్తి తూయండి, 3 కిలోలు రావాలి. రెండున్నర వచ్చిందంటే ఎక్కడో ఎక్కువ పడిందని అర్థం.

6. నీళ్ళు చల్లుతూ రోటావేటర్‌తో కలిపి, పైన తేలిగ్గా రోలర్ ఒక్కసారి తిప్పి మూసేయండి. 24 నుంచి 48 గంటలు ఆగండి. ఎండనివ్వకండి, తడి తగ్గితే చల్లండి. దీన్ని మాగబెట్టడం అంటాను. మర్నాడు పిడికెడు మట్టి తీసి పిండి చూడండి. నిన్న వేళ్ళకి అంటుకున్న మట్టి ఇవాళ అటుకుల్లా విడిపోతుంది. ఆ తేడా చేతికి తెలియకపోతే సున్నం సరిపోలేదు, లేదా కలవలేదు.

7. మళ్ళీ దున్ని, మిగతా సగం సున్నం, మొత్తం బూడిద పరచండి. పొడి బూడిదైతే దింపేటప్పుడే తడపండి, లేకపోతే సగం గాలికి పోతుంది. బూడిద చదరపు మీటరుకి 18 కిలోలు, ఇదీ పట్టాతోనే తూచండి.

8. రోటావేటర్ మళ్ళీ మూడు నాలుగు సార్లు, ట్యాంకరు నీళ్ళతో. నీళ్ళు ప్రాక్టర్ పరీక్షలో వచ్చిన తేమ అంకె కంటే ఒకటి రెండు శాతం ఎక్కువే ఉండనివ్వండి. చేతిలో నొక్కితే ముద్ద కట్టాలి, అరచేయి తడవకూడదు. రంగు అంతటా ఒకటే రావాలి. నల్ల చారలు, తెల్ల చారలు కనిపిస్తే ఇంకా కలపాలి.

9. చివరిసారి కలిపిన మూడు గంటల్లోపు రోలింగ్ అయిపోవాలి. భోజనానికి ముందు కలిపి, భోజనం తర్వాత రోలర్ తిప్పే పద్ధతి పనికిరాదు. ఎంత పొడవు మూడు గంటల్లో తేల్చగలరో అంతే కలపండి. అంచుల నుంచి మధ్యకి రండి.

10. పక్కన పోసిన మట్టిలో సగం తెచ్చి రెండో పొరగా పరిచి, ఇదే వరుస. తర్వాత మూడో పొర. కింది పొర ఎండిపోయి ఉంటే పైన చల్లి, గరుకు చేసి అప్పుడు వేయండి.

11. ఏడు రోజులు తడి ఆరనివ్వకండి. గోనె పట్టాలు కప్పినా సరే, సన్నగా చల్లినా సరే. మడిలా నీళ్ళు నిలపొద్దు. ఈ ఏడు రోజులూ ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు రాకుండా రెండు కొసలా ముళ్ళకంప వేయండి. పొలానికి పోయే రైతులకి పక్క దారి ముందే చూపించండి, లేకపోతే కంప రాత్రికి రాత్రే పక్కకి పోతుంది, వాళ్ళని తప్పు పట్టలేం.

12. తర్వాత ఆలస్యం చేయకుండా పైన గ్రావెల్ లేదా జీఎస్‌బీ (గ్రాన్యులర్ సబ్‌బేస్, అంటే కంకర) పొర వేసేయండి. సున్నం-బూడిద పొర పునాదే. దాని మీద నేరుగా చక్రాలు తిరిగితే పొడిలా లేచిపోతుంది.

బావులు, తాగునీటి బోర్లు, చెరువు కట్టలకు దగ్గరగా, నీరు ఊరే పల్లంలో బూడిద వాడొద్దు. బూడిదలోంచి లోహాలు నీళ్ళలోకి దిగే అవకాశం ఉంటుంది.

పని సరిగా జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇప్పుడు పసుపు సంగతి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని మనకి కొత్తగా చెప్పక్కర్లేదు, దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే కదా చేస్తాం. రోలర్ తిప్పిన పొరలో అక్కడక్కడ గడ్డపారతో అడుగుదాకా చిన్న గుంట తీసి, గోడకి పసుపు నీళ్ళు చల్లండి. పై నుంచి కింది దాకా ఎర్రబడితే సున్నం అంతటా చేరింది. కింద రెండు అంగుళాలు పసుపుగానే మిగిలితే రోటావేటర్ అంతవరకు దిగలేదు. ఒకసారి నిమ్మకాయంత బెడ్డని రెండుగా విరిచి చల్లితే, చుట్టూ గోరంత మందాన ఎర్రటి అంచు, లోపలంతా నల్లగా ఎప్పటి రేగడే. బయటి నుంచి చూస్తే ఆ బెడ్డ బ్రహ్మాండంగా కలిసినట్టే ఉంది. ఆ రోజు పొరంతా మళ్ళీ దున్నించాం. కొన్ని రేగడులకు సహజంగానే కొంచెం క్షారగుణం ఉంటుంది, అందుకే పక్కన సున్నం కలపని మట్టి మీద కూడా చల్లి పోల్చుకోండి. స్కూలు ల్యాబులో ఫినాల్ఫ్తలీన్ దొరికితే ఇంకా స్పష్టంగా గులాబీ రంగు వస్తుంది. ఈ రెండూ సున్నం ఉందో లేదో చెబుతాయి, ఎంతుందో చెప్పవు.

నానబెట్టే పరీక్ష: రెండంగుళాల పీవీసీ పైపుని నాలుగంగుళాల పొడవు కోసి, పక్కన నిలువుగా చీల్చి, తీగతో బిగించండి. పొర నుంచి తీసిన తాజా మిశ్రమాన్ని అందులో దట్టించి, తీగ విప్పి బయటకు తీయండి. పాలిథిన్‌లో చుట్టి ఏడు రోజులు నీడలో ఉంచండి. పచ్చి మట్టితో చేసి ఇలాగే ఉంచిన మరో ముక్కతో కలిపి బకెట్ నీళ్ళలో వేయండి. పచ్చి ముక్క కాసేపటికే అంచులు రాలి గుప్పెడు బురదగా కూలిపోతుంది. సున్నం, బూడిద కలిపిన ముక్క మర్నాటికీ అంచులతో నిలబడాలి. సర్పంచికీ ఊళ్ళోవాళ్ళకీ చూపించడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

సాంద్రతని శాండ్ రీప్లేస్‌మెంట్ పద్ధతిలో (పొరలో గుంట తీసి, ఆ మట్టిని తూచి, గుంటని ఇసుకతో నింపి దాని పరిమాణం కొలిచే పద్ధతి) చూడండి. గ్రామీణ రోడ్ల సబ్‌గ్రేడ్‌లో పై 300 మి.మీ.కి స్టాండర్డ్ ప్రాక్టర్‌లో 100 శాతం అడుగుతారు, ఆ ప్రాక్టర్ మిశ్రమానిది అయి ఉండాలి.

డీసీపీ (డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్, మొనదేలిన కడ్డీని నేలలోకి కొట్టి గట్టిదనం చూసేది) దొరికితే పనికి ముందు, 7 రోజులకి, 28 రోజులకి ఒకే చోట దగ్గరగా గుచ్చి చూడండి. 8 కిలోల సుత్తి 575 మి.మీ. ఎత్తు నుంచి పడే పరికరం అది. ఒక్కో దెబ్బకి ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో రాసుకోండి. అంకె వారాలతో పాటు తగ్గుతూ రావాలి. 7 రోజులకీ 28 రోజులకీ తేడా లేకపోతే బూడిద పని చేయడం లేదు: సున్నం చాల్లేదు, లేదా పొర ఎండిపోయింది.

మళ్ళీ మళ్ళీ అడిగే మరికొన్ని

"సున్నం బదులు సిమెంటు వేయొచ్చా?" ఇసుకపాలు ఉన్న మట్టికి సిమెంటు బాగుంటుంది. జిగట రేగడిలో సిమెంటు కలిసేలోపే పట్టేస్తుంది. కావాలంటే మొదటి విడత సున్నంతో మాగబెట్టి, రెండో విడత కొద్దిగా సిమెంటు వేసుకోవచ్చు, అప్పుడు రోలింగ్‌కి రెండు గంటలే గడువు.

"ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్?" ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెమే స్లాగ్. దాన్ని మెత్తగా ఆడించిన పొడికి, అంటే జీజీబీఎస్‌కి, సున్నం తోడైతే బూడిద కన్నా త్వరగా బిగుస్తుంది, సల్ఫేట్ కొంచెం ఉన్న మట్టిలో కూడా దీనికే మొగ్గు చూపుతారు. సిమెంటు కంపెనీలతో పోటీపడి కొనాలి, అదే చిక్కు. ఆడించని గులక స్లాగ్ ఇసుకలా పనిచేస్తుంది తప్ప పట్టదు.

"ప్లాస్టిక్ ముక్కలు, టైరు పొడి కలపమంటున్నారు." అవి రేగడి ఉబ్బే గుణాన్ని మార్చవు. పునాది మట్టిలో నేను వాడను.

"సగం పనిలో వాన పడింది, ఏం చేయాలి?" కలిపి రోలింగ్ చేయని పొర తడిస్తే, ఆరనిచ్చి, మళ్ళీ దున్ని, పీహెచ్ చూసి, తగ్గినంత సున్నం వేసి మళ్ళీ తిప్పండి. రోలింగ్ అయిపోయిన పొర అయితే నీళ్ళు తోడేసి రెండు మూడు రోజులు ఎవరినీ ఎక్కనివ్వకండి. చాలాసార్లు అది అలాగే నిలబడుతుంది.

"నిరుడు కొన్న సున్నం మిగిలింది." సంచి బిగుతుగా ఉండి, లోపల ఉండలు కట్టకపోతే యాసిడ్ చుక్క వేసి, పీహెచ్ చూసి వాడండి. ఉండలు కట్టి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మొదటి వానాకాలం పోయాక, దీపావళి తర్వాత, రోడ్డు పొడవునా ఒకసారి నడవండి. అంచుల్లో సన్నటి పొడుగు పగుళ్ళు ఉన్నాయేమో, కాలువలో నీళ్ళు నిలిచిన గుర్తు ఉందేమో, పక్కనే తుమ్మ చెట్టో యూకలిప్టసో ఉన్న చోట రోడ్డు కుంగిందేమో చూడండి. పగులు కనిపిస్తే అదే వారం సున్నం కలిపిన మట్టితో నింపి దిమ్మిస చేయండి. రేగడి పగులు వేసవి దాకా ఆగితే చేయి పట్టేంత వెడల్పవుతుంది, తర్వాతి తొలకరి నీళ్ళు ఆ దారినే పునాదిలోకి దిగుతాయి.